చౌడుచేను మేడంగారు

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. కుడిచేతిలో పీచు తీయని కొబ్బరికాయ పట్టుకుని, తూర్పు ముఖంగా నిలబడి, స్నానం చేసి మరీ చెబుతున్నాను. కొబ్బరికాయల వ్యాపారం చేసుకు బతికేవాణ్ణి కొబ్బరికాయ మీద ఒట్టేసి అబద్ధం రాస్తే, వచ్చే దింపులో సగం కాయలు నీళ్లు లేకుండా పోవూ? ఆ మాత్రం భయం నాకుంది. నా సంగతి తెలిసిన మా ఊరివాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారు. నవ్వనివ్వండి. ఒట్టేసేటప్పుడు నవ్వేవాళ్లని లెక్కచేయకూడదు.

మొన్న బుధవారం పొద్దున్న, లోడు ఎత్తిస్తుంటే, పాత జీపు డ్రైవరు ఫోన్ చేశాడు. "మేడంగారు పోయేరండి" అన్నాడు. ఏ మేడంగారు అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. మాకిద్దరికీ ఉన్నది ఒక్క మేడంగారే. పేరు రాయను. మా ఊళ్లో ఆవిడ పేరు ఎవరికీ తెలియదు కూడా. వరి వంగడాల మీద పరిశోధన చేసే పెద్దాఫీసరు అని తెలుసు, ముమ్మిడివరం మీదుగా జీపులో వస్తారని తెలుసు. అంతే.

మొట్టమొదట ఆవిడ జీపు ఆగింది మా టీ బడ్డీ దగ్గర. వ్యవసాయ ఆఫీసరు దిగారంటే రైతులు ఊరుకుంటారా? మా చేను చూడండంటే మా చేను చూడండని చుట్టూ మూగారు. ఒకాయన తన చేలో దుబ్బు ఎంత లావుందో చేతులు చాచి చూపిస్తున్నాడు. ఆవిడ అందరికీ దణ్ణం పెట్టి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చాలా మర్యాదగా అడిగారు.

"అవన్నీ బాగానే ఉంటాయండి. మీ ఊరు మొత్తం మీద ఎందుకూ పనికిరాని చేను ఏదండీ?"

అక్కడున్న తొమ్మిదిమందీ, టీ కాచేవాడితో సహా, నాకేసి తిరిగారు. ఎన్నికల్లో కూడా మా ఊళ్లో అంత ఏకగ్రీవం ఎప్పుడూ జరగలేదు.

డెబ్భై సెంట్ల మడి నాది. ముందు వైపు కాలవ నీళ్లు తెచ్చే బోదె, అదీ చిట్టచివర. వెనక మురుగు కాలవ. సముద్రం పోటు మీదున్నప్పుడు అందులోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. రెండు పక్కలా రొయ్యల చెరువులు. వాటి ఊట రాత్రీ పగలూ నా మడిలోకే. ఆ చేలో కప్ప మధ్యాహ్నం కునుకు తీస్తే సాయంత్రానికి ఎండుచేప కింద అమ్ముడుపోయేది. మా ఆవిడ ఆవకాయకి ఉప్పు తక్కువైతే గట్టు మీద నుంచి గుప్పెడు మట్టి తెమ్మనేది. చెరువులవాళ్లు రెండేళ్లుగా తిరుగుతున్నారు, "ఇంకెందుకండీ ఆ మడి, మాకిచ్చేయండి, తవ్వేసుకుంటాం" అని. ఇద్దామనే అనుకుంటున్నాను.

"ఇదేనండి" అన్నాను, దొంగసొత్తు చూపిస్తున్నవాడిలా.

మేడంగారు చెప్పులు విప్పి మడిలోకి దిగారు. గొంతుక్కూర్చుని, తెల్లగా పేరుకున్న పొరని గోటితో గీరి, ఎండకి అటూ ఇటూ తిప్పి చూశారు. బ్యాగులోంచి చిన్న మీటరు తీసి, తడిమట్టిలో గుచ్చి, అంకె చూసి, పెళ్లిసంబంధం కుదిరినట్టు ముఖం పెట్టారు.

"అబ్బ! ఎంత చక్కటి చౌడండీ!"

"ఏటండీ?"

"మూడు మండలాలు తిరిగేనండి. ఒక మూల ఉప్పుంటే ఒక మూల ఉండదు. ఇంత ఒక్క తీరుగా ఉన్న మడి ఎక్కడా దొరకలేదు. అదృష్టవంతులండి రైతుగారూ మీరు."

ఆ మాటలో ఏ ముక్క నన్ను పట్టేసిందో చెబుతాను. చౌడు కాదు, అదృష్టం కాదు. రైతుగారూ అన్న పిలుపు. గింజ పండించి రెండేళ్లయింది. నన్ను రైతు అనడం ఊరు మానేసింది, నేనూ మానేశాను. ఆ ఉత్సాహంలో కప్ప సంగతి చెప్పేశాను. ఆవిడ శ్రద్ధగా విని, "తొమ్మిది" అన్నారు.

తొమ్మిది కప్పలా అనుకున్నాను. కాదు. అది ఆవిడ మార్కు. దాని మర్మం వారం తర్వాత మా ఇంట్లో తెలిసింది. మా ఆవిడ కందాబచ్చలి కూర ఆవ పెట్టి వండింది. మేడంగారు రెండో ముద్దకి కళ్లు మూసుకుని, "ఒకటి" అన్నారు.

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "పదికి ఒకటాండి అక్కగారూ?"

"అయ్యో, అది కాదమ్మా. మా లెక్కలో ఒకటే గొప్ప. ఉప్పుమడిలో మొక్కకి మార్కులేస్తాం. ఆకులన్నీ పచ్చగా ఉంటే ఒకటి. కొస మాడితే మూడు. తొమ్మిదంటే మొక్క చచ్చిపోయినట్టు."

"అయితే మా ఆయన కప్పకి తొమ్మిదిచ్చేరట?"

"కథ అప్పటికే చచ్చిపోయుందమ్మా. నేనేం చెయ్యను?"

ఆ మార్కులు కూడా ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, అంతే. సరి సంఖ్యలు లేవు. నాలుగు ఇవ్వకూడదా అని అడిగితే, "తేల్చుకోలేనివాళ్లకండి నాలుగు. మూడో ఐదో తేల్చుకోవాలి" అనేవారు. బస్సుకి, కాఫీకి, కలెక్టరాఫీసు మీటింగుకి, మా పక్క చెరువులవాడి కొత్త మీసానికి, అన్నిటికీ మార్కులే. మా ఆవిడకి ఈ విద్య వెంటనే అబ్బింది. పెళ్లయిన ఇరవయ్యేళ్లకి నాకొక అంకె దొరికింది. ఏడు. "మాడింది గానీ ఇంకా చావలేదు" అని వివరణ.

ఇంతకీ ఆవిడ చేస్తున్నదేమిటంటే, ఉప్పులో బతికే వరి పుట్టించడం. మా అరుగు మీద కుండీలు పెట్టించి ఒక దాళ్వా అంతా, అంటే ఎండాకాలం పంట అయ్యేదాకా, ఆ పని చేశారు. ఒక కుండీలో మలబారు వైపు ఉప్పునీళ్ల పొలాల్లో తాతల కాలం నుంచి పండే పాత రకం. మనిషంత ఎత్తు, ఎర్ర బియ్యం, కాస్త గాలొస్తే చాలు పడుకుంటుంది. కానీ ఉప్పంటే దానికి లెక్కలేదు. ఇంకో కుండీలో మనం తినే సన్నవరి. దిగుబడీ రుచీ దానివే. ఉప్పు తగిలితే మాత్రం వారంలో గడ్డి.

"ఈ తల్లి రుచీ, ఆ తండ్రి గుండె, రెండూ ఒక పిల్లకి రావాలండి" అన్నారు.

"రావండి" అన్నాను. "నాకు మా నాన్న ముక్కూ, మా మేనమామ బుద్ధీ వచ్చేయి. తిరగేసి వచ్చుంటే ఎక్కడో ఉండేవాణ్ణి."

"అందుకే వందలమంది పిల్లల్ని పుట్టిస్తాం. గుండె వచ్చిన పిల్లని పట్టుకుని, మళ్లీ తల్లివైపు వాళ్లకే ఇస్తాం. దాని పిల్లల్లో ఏరి మళ్లీ తల్లివైపే. అలా నాలుగు తరాలు."

"అంటే మేనరికమే కదండీ!"

"ఆయ్. మీ కోనసీమకి నేను కొత్తగా నేర్పేదేముంది?"

ఆ పెళ్లి చేసే తీరు చూడాలి. సాయంత్రం పూట వరికంకి వెన్ను మీద ఒక్కొక్క గింజపొట్టునీ పై మూడోవంతు కత్తెరతో కత్తిరిస్తారు. సన్నటి పట్టకారు లోపలికి దించి, పుప్పొడి తిత్తులు బయటికి తీస్తారు. ఒక్కోదానిలో ఆరుంటాయి. "ఒకటి, రెండు, మూడు" అని పెదవులతో లెక్కపెట్టుకుంటూ, అయిదే వస్తే ఆ గింజని కత్తిరించి పారేసేవారు. ఆరోది లోపల మిగిలిపోతే దానంతటదే గింజ కట్టేసుకుంటుందిట, పెళ్లి అబద్ధమవుతుందిట. ఆ సేపూ ఊపిరి బిగపట్టేవారు. నేను మాట్లాడితే కళ్లతోనే తొమ్మిదిచ్చేవారు. నన్ను ఒకసారి పట్టి చూడమన్నారు. రోజుకి వెయ్యి కాయలు లెక్కపెట్టే వేళ్లివి. పువ్వు మొత్తం ఊడొచ్చి చేతిలో పడింది.

మర్నాడు పదింటికి ఆ పాత రకం పువ్వులు విచ్చుకుంటాయి. గంటసేపే. ఆ గంటలో దాని వెన్ను తెచ్చి దీని మీద దులపాలి, కాగితపు సంచి తొడగాలి. అలాంటి ఒక గంటలో ఆవిడ ఫోన్ మోగింది. "పెళ్లి జరుగుతోందండి, తర్వాత చెయ్యండి" అని పెట్టేశారు. తర్వాత చూసుకుంటే అది ఆవిడ పై అధికారి. సాయంత్రం ఆయన మళ్లీ చేసి, ఎవరి పెళ్లండీ, చెప్పనేలేదు అని నిష్ఠూరమాడారుట.

తలకి కాగితపు టోపీలు పెట్టుకున్న ఆ కుండీలని చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఇవేమిటి అని అడిగినవాళ్లకి అడిగినట్టు జవాబు చెప్పాను. ఒకరికి దిష్టి తగలకుండా అన్నాను. ఒకరికి, ఈ వరి సముద్రం నీళ్లు తాగుతుంది, బియ్యం ఉప్పగా ఉంటాయి, ఇంక కూరతో పనుండదు అన్నాను. రెండోది నమ్మిన పెద్దమనిషి ఒకాయన కూరలేని అన్నానికి బియ్యం ఎప్పుడిస్తారని మేడంగారినే అడిగాడు. ఆవిడ నాకేసి చూసి, "ఇది ఐదు రైతుగారూ. కొంచెం ప్రాణముంది" అన్నారు. నా జీవితంలో నాకొచ్చిన పెద్ద బిరుదు అది.

కుండీల్లో పుట్టినవీ, అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆవిడ పుట్టించి దాచుకున్నవీ కలిపి, నా మడిలో అరవై వరుసలు నాటించారు. వెనక మురుగు కాలవ నీళ్లే పెట్టించారు. మొదటి దాళ్వాలో, నాటిన నెలకే చాలా వరుసలు ఎండి గడ్డి అయిపోయాయి. చూడలేక తల తిప్పుకుంటుంటే నన్ను పిలిచి ఒక దుబ్బు ముందు కూర్చోబెట్టారు.

"అడుగు ఆకులు ఎండుతున్నాయని బెంగపడకండి. వేరు ఆపగలిగినంత ఉప్పు ఆపుతుంది. దాటొచ్చినదాన్ని ఈ ముసలి ఆకుల్లోకి తోసేస్తుంది. అవి మింగి ఎండిపోతాయి, పైన లేతాకు బతుకుతుంది. పై ఆకు పచ్చగా ఉన్నంతసేపు ప్రాణమున్నట్టే. పై ఆకు పోయిందా, ఇంక తొమ్మిది రాసేయడమే."

"ఈ గుణం ఒక్క జీన్లోనే ఉంటుందాండి?"

"ఒక్కదాంట్లోనే ఉంటే ఎప్పుడో ఇంట్లో కూర్చుని పచ్చళ్లు పెట్టుకునేదాన్ని. పిల్లమొక్కప్పుడు కాపాడే జీన్లు వేరు, పూతప్పుడు కాపాడేవి వేరు. చిన్నప్పుడు గట్టిగా ఉండి, తీరా పూతకొచ్చాక అంతా తాలైపోయేవి ఉంటాయి. రెండుచోట్లా నిలబడ్డదే మనకి కావాలి."

మిగిలిన వరుసలకి నేను పేర్లు పెట్టుకున్నాను. పదిహేడో వరుస ఏపుగా, నిటారుగా ఉండేది. దాని పేరు పెళ్లికొడుకు. వెనక గట్టు పక్కనున్న నలభై ఒకటి పొట్టిగా, ఆకులు పరుచుకుని, ఎవరో కూర్చుని లేచినట్టుండేది. దానికి పేరు పెట్టబుద్ధి కాలేదు. పొద్దున్నే వెళ్లి పెళ్లికొడుకుని పలకరించి గానీ నేను కాయల బేరానికి వెళ్లేవాణ్ణి కాదు.

మూడో దాళ్వా వచ్చింది. ఇది పూత పరీక్ష. ఇందులో ఏ వరుస గింజ కడుతుందో అదే ఆవిడ ఇన్నేళ్ల కష్టానికి ఫలం. ఆ మే నెలలోనే ఆవిడ రిటైర్మెంటు.

"ఈ దాళ్వాలో తేలిపోతే నా చేత్తో కాగితాలు రాసి పంపేసి, హాయిగా దిగిపోతాను" అన్నారు గట్టు మీద నిలబడి. "తేలకపోతే ఏముంది, నా విత్తనాలు సంచుల్లో పెట్టి బీరువాలో పెడతారు. తర్వాతివాళ్లకి తీరికుంటే తీస్తారు."

"తేలుతుందండి. మన పెళ్లికొడుకున్నాడు కదండీ."

"ఆశ పెట్టుకోకండి రైతుగారూ. మొక్కల్లో మనవాళ్లని ఉండకూడదు."

మార్చిలో, సరిగ్గా పూత మొదలైన వారం, పెన్షను కాగితాల మీద సంతకాలకి రమ్మని ఆవిడకి పిలుపొచ్చింది. ఏడు రోజులు. వెళ్లేముందు నన్ను బోదె పక్క గట్టు దగ్గరికి తీసుకెళ్లారు.

"ఏం జరిగినా సరే కాలవ నీళ్లు మాత్రం లోపలికి రానివ్వకండి. చచ్చిపోతున్నా సరే. చావాల్సినవి చస్తేనే మనకి తెలిసేది."

"ఆయ్" అన్నాను.

ఏడో రోజు పొద్దున్న జీపు దిగి నేరుగా మడిలోకి వచ్చారు. వరుసలన్నీ పచ్చగా ఉన్నాయి. ఆవిడ ముఖంలో సంతోషం కనబడలేదు. మీటరు ముంచారు. ఇంకోచోట ముంచారు. మూడోచోట ముంచి, లేచి నిలబడ్డారు.

"మంచినీళ్లు వచ్చేయి రైతుగారూ" అన్నారు.

బోదె పక్క గట్టుకి పీత బొరియ పెట్టింది. బోదెలో నీళ్లు దాని గుండా లోపలికి జారాయి. నేను చూసి పూడ్చేసరికి ఆలస్యమైపోయింది. అదే చెప్పాను. ఆవిడ గట్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బొరియలో వేలు పెట్టి చూశారు. మట్టి ఉండలు చూశారు. నోటుపుస్తకం తీసి ఆ రోజు పేజీలో రాసుకున్నారు. మార్కు వేయలేదు.

"పీతదేం తప్పుందండి" అన్నారు పుస్తకం మూస్తూ. "దానికీ మంచినీళ్లు కావాలి కదా."

ఆ ఏడాది అన్ని వరుసలూ గింజ కట్టాయి. అంటే ఏ వరుస సంగతీ తేలలేదు. పంట కోయించి, ఏ వరుసకి ఆ వరుస సంచి కట్టి, పుస్తకంలో పరీక్ష చెల్లదు అని రాశారు. జీపులో వెళుతూ ముమ్మిడివరం దాటేదాకా ఆవిడ ఎదురొచ్చిన దేనికీ అంకె చెప్పలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు. బస్సుకి కూడా మార్కులేసే మనిషి.

మేలో దండ వేసి, శాలువా కప్పి పంపేశారు. కథ అయిపోయిందనుకున్నాను. డిసెంబరులో ఒకరోజు మా ఇంటి ముందు ఆటో ఆగింది. చేతిలో గుడ్డసంచి, చంకలో ప్లాస్టిక్ ముక్కాలిపీట.

"రైతుగారూ, మీ చౌడు ఇంకా చౌడుగానే ఉందాండి?"

"ఆయ్. దేవుడి దయ వల్ల అలాగే ఉందండి."

తన తర్వాత వచ్చిన ఆఫీసరు దగ్గర తన విత్తనాలే వరుసకో గుప్పెడు అడిగి తెచ్చుకున్నారు. ముమ్మిడివరంలో గది తీసుకున్నారు. రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చేవారు. మా ఆవిడ, "ఇంకెందుకండీ అక్కగారూ ఈ ఎండలో, ఉజ్జోగం అయిపోయింది కదా" అంటే, "ఉజ్జోగం అయిందమ్మా, పరీక్ష అవలేదు" అన్నారు.

ఆవిడకి మోకాలు నొప్పి. ఎడమది వంగదు. ముక్కాలిపీట అందుకే. బోదె పక్క గట్టు మొదట్లో పీట వేసుకుని కూర్చుని, చేయి చాపినంత మేర గట్టుని తడిమి చూసేవారు. ఎక్కడ కన్నం కనిపించినా గడ్డి కలిపిన మట్టిముద్ద కూరి, అరచేత్తో తట్టి, నున్నగా చేసేవారు. లేచి, పీట ఓ గజం ముందుకి జరుపుకుని, మళ్లీ కూర్చునేవారు. అలా గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి. ఒక రోజు కాదు, వారం కాదు. నాట్లు వేసిన దగ్గర నుంచి గింజ పాలు పోసుకునేదాకా, ప్రతి పొద్దున్నా.

"మీరు కూర్చోండి మేడంగారూ, నేను చూసుకుంటానండి" అనేవాణ్ణి.

"మీ మీద నమ్మకం లేక కాదండి. గట్టు మీద లేక" అనేవారు మట్టి తడుపుతూ.

నేను వెనక బకెట్టుతో మట్టి మోస్తూ ఉండేవాణ్ణి. ఆ మూడు నెలల్లో ఒక్క కోత కూడా కోసిన గుర్తులేదు. ఆవిడే అడిగేవారు, "ఏంటండీ ఈమధ్య కథల్లేవు, ఆరోగ్యం బాగుందా?" అని.

పూత వచ్చింది. ఎండలు ముదిరాయి. మడిలో ఉప్పు తెల్లగా పేరింది. ఒక్కొక్క వరుసే పోవడం మొదలైంది. పెళ్లికొడుకు పై ఆకు కొస నుంచి పసుపెక్కి, వారంలో ఎండుగడ్డయింది. వెన్ను పట్టుకుని గింజ గింజా నొక్కి చూశాను. అంతా తాలు. ఆవిడ నా పక్కన నిలబడి పుస్తకంలో అంకె వేశారు.

"ఇటు రండి రైతుగారూ" అని వెనక గట్టు దగ్గరికి తీసుకెళ్లారు. నలభై ఒకటి. అదే, ఎవరో కూర్చుని లేచినట్టుండే వరుస. అడుగు ఆకులు మాడి మసైపోయాయి. పై ఆకు మాత్రం అరిటాకులా పచ్చగా ఉంది.

"గింజ నొక్కండి."

నొక్కాను. గోటి మీదకి తెల్లగా ఊరింది.

"ఏముందండీ?"

"పాలండి."

"ఇంకోటి."

"పాలేనండి."

"ఇంకోటి నొక్కండి."

"మేడంగారూ, నొక్కుకుంటూ పోతే విత్తనానికేం మిగలవండీ!"

అప్పుడు నవ్వారు. పక్కకి తిరిగి, మట్టిచేత్తోనే కళ్లు తుడుచుకున్నారు. చెంప మీద మట్టి చార. చెప్పలేదు నేను, అలాగే ఆటో ఎక్కి వెళ్లారు.

ఇప్పుడు నా డెబ్భై సెంట్లలోనూ ఆ నలభై ఒకటో వరుస రకమే పండుతోంది. చెరువులవాళ్లు అడగడం మానేశారు. మా పక్క రెండు చేలవాళ్లు కూడా నా దగ్గరే విత్తనం పట్టుకెళ్లారు. అన్నం బాగుంటుంది. ఉప్పగా ఉండదు, కూర కావాలి. ఆ రకాన్ని పెద్ద పరీక్షలకి పంపిన కాగితాల మీద మాత్రం కొత్త ఆఫీసరు పేరుంది. ఆయన తప్పేమీ లేదు, పాపం మంచివాడు. సర్వీసులో ఉన్నవాళ్ల పేరే వేయాలిట, అది పద్ధతి. నేను మండిపడితే మేడంగారే సర్దిచెప్పారు. "నా పేరుంటే ఎకరానికి ఇంకో బస్తా పండుతుందేంటండీ?"

ఇక్కడికి అయిపోయింది. ఇందులో ఒకటి కల్పించాను.

కప్ప గురించి అనుకుంటున్నారు కదూ? కాదు. కప్పా, ఆవకాయలో మట్టీ అబద్ధాల్లోకి రావు. అవి కోతలు. కోసేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు, ఎవరికీ నష్టం లేదు. నేను కల్పించింది మీరు నమ్మినదాన్నే. పీతని.

పీత లేదు. ఆవిడ వెళ్లిన అయిదో రోజు మిట్టమధ్యాహ్నం మడి దగ్గరికి వెళ్లాను. పెళ్లికొడుకు పై ఆకు కొస పసుపెక్కి ఉంది. పై ఆకు పోయిందంటే ఇంక తొమ్మిదే అని ఆవిడే చెప్పారు. పక్కన బోదె అంచులదాకా నీళ్లతో పారుతోంది. గోదావరి నీళ్లు. నీళ్లు అలా పారుతుంటే పక్కన చేను మాడిపోవడం చూస్తూ నిలబడటం మావాళ్లు ఎవరూ నేర్చుకోలేదు, నాకూ రాదు. ఆవిడ తిరిగొచ్చి చచ్చిన పెళ్లికొడుకుని చూస్తే ఏమైపోతారో అనుకున్నాను. పార తీసుకుని రెండు దెబ్బలు వేశాను. నీళ్లు గలగలమని లోపలికి వెళుతుంటే, ప్రాణం పోసినట్టు సంతోషపడ్డాను కూడా. సాయంత్రం గండి పూడ్చి, పక్కనే కొబ్బరి ఈనెల కట్టతో కన్నం పొడిచి, చుట్టూ మట్టి ఉండలు చేసి పెట్టాను. ఆ ఉండలు చాలా బాగా కుదిరాయి.

చావాల్సినవి చస్తేనే తెలిసేదని ఆవిడ ఎందుకన్నారో, మీటరు మూడోసారి ముంచినప్పుడు అర్థమైంది. ఆ ఏడాదే తేలి ఉంటే ఆ కాగితం ఆవిడ చేత్తో రాసేవారు, ఆవిడ పేరుండేది. దేనికోసం గండి కొట్టానో ఆ పెళ్లికొడుకు అసలు పనికొచ్చేదే కాదు.

ఆవిడకి తెలిసే ఉంటుంది, తెలిసీ ఊరుకున్నారేమో అని ఒక్కొక్కప్పుడు నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. అదీ కోతే. వంగని మోకాలుతో మూడు నెలలు పీట జరుపుకుంటూ, లేని పీత కోసం గట్టంతా తడిమిన మనిషికి తెలుసని ఎలా అనుకోను? పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పినవాటిలో ఆవిడ నిజమని రాసుకున్నది అదొక్కటే. మట్టి బకెట్టు మోస్తూ ప్రతి పొద్దున్నా ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. బకెట్టు ఖాళీ అయ్యేది, ఇంకో బకెట్టు తెచ్చేవాణ్ణి.

పోయిన నెల ఆసుపత్రి నుంచి ఆవిడే ఫోన్ చేశారు. గొంతు బాగా నీరసించింది. నలభై ఒకటి ఎలా ఉందని అడిగారు. బాగుందండి అన్నాను. మా ఆవిడ వండే కందాబచ్చలి కూర అడిగారు. తెస్తానండి అన్నాను.

"గట్టు చూసుకుంటున్నారా? పీతలేమైనా వస్తున్నాయా?"

"లేదండి" అన్నాను. "ఇప్పుడసలు రావట్లేదండి."

"హమ్మయ్య" అన్నారు ఆవిడ.